బట్టల కొట్టూ ఒక బడే

బదిలీ మీద కొత్త ఊరికి వెళ్లగానే మన ఇళ్లలో వరసగా కొన్ని వెతుకుతారు. ఇల్లు, పాలు, గ్యాసు, డాక్టరు, ట్యూషను. ఈ జాబితాలో దర్జీ ఎప్పుడూ చివర ఉంటాడు. ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలయ్యే ముందు రోజు యూనిఫాం ప్యాంటు చీలమండ పైకి వచ్చిందని తెలిసినప్పుడే ఆయన గుర్తొస్తాడు. అప్పటికి పాత ఊరి దర్జీ, మన కొలతలు రాసుకున్న ఆయన పుస్తకం, రెండూ అక్కడే ఉండిపోయి ఉంటాయి.

మేమిద్దరం అక్కాతమ్ముళ్లం. మాకు ఇది మూడో ఊరు. బిలాస్‌పూర్‌లో, సీపత్ రోడ్డు వైపు ఉన్న మోప్కాలో అద్దెకు ఉంటున్నాం. ఇక్కడ మాకు దర్జీ కన్నా ముందు ఒక బట్టల కొట్టు దొరికింది. దాని గురించి, దాని వల్ల మాకు కలిగిన ఒక అభిప్రాయం గురించి రాయాలనుకున్నాం. ఆ అభిప్రాయం ఇది: గుడ్డ అమ్మేవాళ్లకు కుట్టడం కూడా తెలిసిన దుకాణం ఒక బడితో సమానం. అటువంటి దుకాణాలను మనం నిలబెట్టుకోవాలి. మన పాఠశాల కూడా అక్కడి వాళ్లను గురువులుగా గుర్తించాలి.

ముందు ఆ కొట్టు ఎలా ఉంటుందో చెబుతాం. చాలా చిన్నది. పెళ్లి బట్టలకు జనం గోల్ బజారుకో సదర్ బజారుకో పోతారు. రైల్వే కాలనీ వాళ్లకు బుధ్‌వారీ బజారు దగ్గర. ఈ కొట్టుకు వచ్చేవాళ్లు జాకెట్టు ముక్కలకీ, లైనింగులకీ, దారపు రీళ్లకీ, యూనిఫాం గుడ్డకీ వస్తారు. గోడ పొడవునా తానులు, మధ్యలో ఒక పొడవాటి బల్ల, ఇనుప మీటరు బద్ద. వెనక వైపు రెండు కుట్టు మిషన్లు. పనిచేసేది ముగ్గురు. ఒకరు ఛత్తీస్‌గఢీ దీదీ. ఇంకొకరు పెద్దాయన, అందరూ మాస్టర్‌జీ అంటారు. మూడో ఆవిడ తెలుగావిడ. వాళ్ల తాతగారు రైల్వే ఉద్యోగానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. రైలు వచ్చిన కాలం నుంచీ ఇలా వచ్చిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్‌లో చాలా ఉన్నాయి. మేము ఆవిడను పిన్నీ అని పిలుస్తాం.

ఈ ముగ్గురికీ కుట్టడం జీతం కోసం చేసే పని మాత్రమే కాదు, ఇష్టం కూడా. బేరం లేని మధ్యాహ్నం వేళ చూస్తే ఎవరో ఒకరు మిషను మీద ఉంటారు. దీదీ తన కూతురి గౌను కుట్టుకుంటూ ఉంటుంది. మాస్టర్‌జీ కాలరు ఎలా తిప్పాలో చూపిస్తూ ఉంటారు. పిన్ని తాను వేసుకొచ్చిన జాకెట్టు మెడ తానే గీసుకున్నానని చెప్పి వెనక్కి తిరిగి చూపిస్తుంది. ఒకరి కుట్టులో తప్పుంటే మరొకరు మొహమాటం లేకుండా విప్పమంటారు. విప్పి మళ్లీ కుడతారు. క్లాసులో తప్పు లెక్కను కొట్టేసి మళ్లీ చేయడానికి మనం అంత సులభంగా ఒప్పుకుంటామా?

కుట్టేవాళ్లు గుడ్డ అమ్మితే తేడా ఏమిటో మొదటి రోజే తెలిసింది. ఇదివరకటి ఊళ్లో ఒక పెద్ద దుకాణంలో అమ్మ మాకు నూలు గుడ్డ కొన్నది. ఎంత కావాలని అడిగారు, కోసి ఇచ్చారు, బిల్లు వేశారు. కుట్టించి ఒక్కసారి ఉతకగానే చొక్కా పొట్టి అయిపోయింది. ఇక్కడ పిన్ని మీటర్లు అడగలేదు. ముందు నాలుగు ప్రశ్నలు అడిగింది. ఎవరికి? ఎక్కడికి వేసుకెళ్తారు? ఇంట్లో ఉతుకుతారా, మిషనులోనా? ఎవరు కుడతారు? ఆ తరువాతే తాను తీసింది. నూలు గుడ్డ కాబట్టి కుట్టే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయమంది. నేసేటప్పుడు బిగువుగా లాగిన పోగులు నీళ్లు తగిలితే సర్దుకుంటాయి, అందుకే గుడ్డ ముడుచుకుంటుంది, ఆ ముడుచుకోవడమేదో కత్తెర పడకముందే అయిపోవాలి అని కారణం కూడా చెప్పింది.

అప్పటి నుంచి ఆ బల్ల దగ్గర మేము నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. మీకు కూడా పనికొస్తాయని కొన్ని రాస్తున్నాం.

మొదటిది పన్నా. తానుకు ఉన్న వెడల్పును పన్నా అంటారు. 36 అంగుళాలు, 44 అంగుళాలు, 58 అంగుళాలు, ఇలా రకరకాలు. మీటరు ధర ఒక్కటే చూసి చవక అనుకుంటే మోసపోతాం. 36 అంగుళాల పన్నా 2 మీటర్లకూ, 58 అంగుళాల పన్నా 1.25 మీటర్లకూ వైశాల్యం దాదాపు ఒకటే. కావాలంటే లెక్క వేసి చూడండి. అయితే వైశాల్యం సరిపోయినంత మాత్రాన చొక్కా రాదు, ముక్కలు పరిచే తీరు కూడా కుదరాలి అంటారు మాస్టర్‌జీ. ఆయన సుద్దముక్కతో ముందు వీపు, తరువాత ముందు భాగాలు, మిగిలిన సందుల్లో చేతులు, కాలరు, జేబు గీస్తారు. చివరికి మిగిలేది గుప్పెడు పీలికలే. మన గణితం పుస్తకంలో వైశాల్యాల పాఠం చెప్పేటప్పుడు ఈ బల్లను ఎందుకు తలుచుకోరో మాకు అర్థం కాలేదు.

రెండవది పడుగు, పేక. నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. గుడ్డను నిలువుగా లాగితే దాదాపు సాగదు. అడ్డంగా లాగితే కొంచెం సాగుతుంది. మూల నుంచి మూలకు ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. జాకెట్టుకు క్రాస్ కటింగ్ చేసేది అందుకే. ఒంటికి అతుక్కుని, చెయ్యి ఎత్తితే పట్టకుండా ఉంటుంది. అదే ప్యాంటును పొరపాటున ఏటవాలుగా కోస్తే నాలుగు ఉతుకులకు కాళ్లు మెలితిరుగుతాయి.

మూడవది గళ్లు. మన కేంద్రీయ విద్యాలయాల పిల్లలకు 2012 నుంచి గళ్ల చొక్కా వచ్చింది కదా. ఇప్పుడే తల వంచి మీ చొక్కా జేబు చూసుకోండి. జేబు మీది గీతలు, వెనకున్న చొక్కా గీతలతో కలిశాయా? బొత్తాల పట్టీ దగ్గర ఎడమ గీత కుడి గీతతో ఒకే ఎత్తులో కలిసిందా? కలిస్తే ఎవరో ఒకరు శ్రద్ధగా కోసి కుట్టారని అర్థం. గళ్లు కలపాలంటే గుడ్డ కొంత ఎక్కువ పడుతుంది. అది తెలిసిన దుకాణం వాళ్లు ముందే చెప్పి ఎక్కువ కోస్తారు. తెలియనివాళ్లు ఎప్పుడూ కోసేంతే కోస్తారు. ఆ తరువాత దర్జీని తిట్టి లాభం లేదు.

ఇక సూదులు, దారాలు. మిషను సూదికి నంబర్లు ఉంటాయని మాకు తెలియనే తెలియదు. పల్చని గుడ్డకు 11, మామూలు నూలుకు 14, జీన్స్ లాంటి మందపు గుడ్డకు 16. దారం రంగు గుడ్డ కన్నా పిసరంత ముదురుగా తీసుకోవాలి. రీలు మీద ముదురుగా కనిపించే దారం కుట్టాక తేలిపోతుంది. ఈ ఒక్క మాట కోసం దీదీ ఆరు రీళ్లు బయటకు తీసి, ఒక్కొక్క పోగును గుడ్డ మీద పరిచి చూపించింది. ఆ రీలు ఖరీదు ఎంతో ఉండదు. ఆమె మాత్రం పావుగంట కేటాయించింది.

ఈ ప్రాంతం గురించి కూడా మాకు అక్కడే తెలిసింది. బిలాస్‌పూర్ నుంచి హావ్‌డా వైపు రైల్లో సుమారు గంట వెళితే చాంపా వస్తుంది. కోసా పట్టుకు అది పేరుపొందిన ఊరు. కోసా పురుగులు తెల్లమద్ది, నల్లమద్ది చెట్ల ఆకులు తిని పెరుగుతాయి. అసలు కోసాకీ, నకిలీకీ తేడా ఎలా తెలుస్తుందని అడిగితే పిన్ని అంచు నుంచి రెండు పోగులు లాగి, స్టీలు పళ్లెంలో పెట్టి వెలిగించింది. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, పొడి పొడి బూడిద అయింది. పాలియెస్టరు పోగు కరిగి గట్టి పూసలా మిగిలింది. ఇది పెద్దవాళ్లు దగ్గర ఉన్నప్పుడే చేయాలి, ఒంటరిగా వద్దు. ఆ రోజే పిన్ని తన పెద్దల జిల్లాలోని పొందూరు ఖద్దరు సంగతి చెప్పింది. అక్కడ దూదిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా వాడతారట. శ్రీకాకుళం వైపు మా బంధువులున్నారు, ఎన్నోసార్లు పొందూరు స్టేషను మీదుగా వెళ్లాం. కానీ ఆ మాట మాకు మోప్కాలో తెలిసింది.

మాటలకు కూడా బదిలీలు ఉంటాయని తెలిసింది. బొత్తాం, కాజా, ఇస్త్రీ, ఇవి పోర్చుగీసు వాళ్ల నుంచి మనకు వచ్చిన మాటలు. పన్నా అని మేమంటే దీదీ పనహా అంటుంది. దర్జీ పారసీ మాట, రెండు భాషల్లోనూ ఒకటే. భాష రాని కొత్త ఊళ్లో మాట కలపడానికి ఇంత కన్నా మంచి చోటు ఏముంటుంది?

ఇంత చెప్పాక మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పోయిన ఏడాది వార్షికోత్సవం నాట్యానికి అక్కకు నీలం రంగు జార్జెట్ కావలసి వచ్చింది. కొట్టుకు వెళ్లాం. దీదీ అరగంట సేపు తానులు విప్పి చూపించింది. ఏది ఎలా జారుతుందో, దేనికి లైనింగు కావాలో, ఎన్ని మీటర్లు పడుతుందో అన్నీ చెప్పింది. మేము గుడ్డను ఫోనులో ఫోటో తీసుకుని, మళ్లీ వస్తామని చెప్పి ఇంటికి వచ్చాం. రాత్రి ఫోనులోనే అలాంటిదే మరి కొంచెం చవకలో కొన్నాం. ఆమె చెప్పిన మీటర్ల లెక్కే వేసుకున్నాం. వచ్చిన గుడ్డ పన్నా చిన్నది. పైగా చేతి గీతలు కనిపించేంత పల్చన. కార్యక్రమానికి నాలుగు రోజులే ఉంది.

సిగ్గుపడుతూనే అదే కొట్టుకు పట్టుకెళ్లాం. గుడ్డ తమది కాదని దీదీకి చూడగానే తెలిసింది. ఏమీ అనలేదు. మాస్టర్‌జీని పిలిచింది. ముగ్గురూ కలిసి బల్ల మీద ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి, తక్కువైన చోట పక్కల పట్టీలు వేద్దామని తేల్చారు. లోపల లైనింగు వేశారు. డబ్బు లైనింగుకీ కుట్టుకూలికే తీసుకున్నారు. బయటకు వస్తుంటే పిన్ని మాత్రం, "ఈసారి కొనే ముందు ఒకసారి నాకు చూపించండమ్మా" అంది. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు.

ఆ తరువాత మేము ఆలోచించాం. వాళ్ల అరగంటకు ఎవరు డబ్బు ఇచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. సలహాకు ధర చీటీ ఉండదు, అది గుడ్డ ధరలోనే కలిసి ఉంటుంది. సలహా ఇక్కడ తీసుకుని గుడ్డ ఇంకోచోట కొంటే, మనం తీసుకున్నదానికి వెల కట్టకుండా వచ్చేసినట్టే. మనలాంటి వాళ్లు పదిమంది ఇలా చేస్తే దుకాణం నష్టపోతుంది. ఇప్పటికే ఆ కొట్టులో ముందు వరసలో తానులు ఉండే చోట రెడీమేడ్ చొక్కాలు హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. తీజా పండగకీ, దీపావళికీ, పెళ్లిళ్ల రోజుల్లోనూ తప్ప గుడ్డ బేరం అంతంత మాత్రమేనని మాస్టర్‌జీ అంటున్నారు. రెడీమేడ్ అమ్మడానికి కుట్టడం తెలిసిన మనిషి అక్కర్లేదు. సైజు నంబరు చదవడం వస్తే చాలు.

ఇది మోప్కా కథే కాదు. అమెరికాలో జోయాన్ అనే బట్టల దుకాణాల సంస్థ ఉండేది. 1943లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో మొదలైంది. దేశమంతటా దాదాపు 800 దుకాణాలుండేవి. 2025లో అన్నీ మూతపడ్డాయి. అంత పెద్ద సంస్థే నిలవలేకపోతే, ఒక బల్ల, రెండు మిషన్ల కొట్టు ఎలా నిలుస్తుంది? మా సమాధానం ఏమిటంటే, తానుల సంఖ్యలో పోటీపడి చిన్న కొట్టు గెలవలేదు, తెలివిడితోనే నిలవగలదు. ఆ తెలివిడికి విలువ ఇవ్వాల్సింది కొనుక్కునే మనమే.

దీనికి ఎదురు వాదనలు మా ఇంట్లోనే ఉన్నాయి. గుడ్డ కొని కుట్టిస్తే రెడీమేడ్ కన్నా ఎక్కువ అవుతుందని నాన్నగారు అంటారు. చాలాసార్లు అది నిజమే. రెడీమేడ్ కొనవద్దని మేము అనడం లేదు, మేమూ వేసుకుంటాం. కానీ మన పిల్లల సంగతి వేరు. మనం ఏ ఊరికి పోయినా బడి యూనిఫాం మారదు. అది మనకు ఒక సౌకర్యం. మారేది మన ఎత్తు. ప్యాంటు కాళ్ల దగ్గరా, పావడా అంచు దగ్గరా లోపల రెండు అంగుళాల గుడ్డ మడిచి వదిలి ఉంటే, ఏడాది తరువాత విప్పి పొడవు చేసుకోవచ్చు. ఇది కుట్టించేటప్పుడు అడగాలని మాకు చెప్పింది పిన్నే. ఆ మడత విప్పి కుట్టుకోవడం మనకే వస్తే, కొత్త ఊళ్లో దర్జీ దొరికేదాకా ఆగనక్కర్లేదు. దర్జీ పుస్తకం మనతో రాదు, నేర్చుకున్న పని మాత్రం మనతో ఎక్కడికైనా వస్తుంది.

ఇంకో వాదన, కుట్టుపని ఆడపిల్లలదని. తమ్ముడు క్లాసులో కూర్చుని ఊడిన బొత్తాం కుట్టుకుంటే స్నేహితులు నవ్వారు. నవ్విన వాళ్లు వేసుకున్న చొక్కాలు చాలావరకు మగ దర్జీలు కుట్టినవే. కుట్టు మిషనుతో వ్యాపారం మొదలుపెట్టిన వాళ్లలో ఫ్రాన్సు దేశపు బార్తెలెమీ తిమోనియే కూడా మగ దర్జీయే. ఆయన 1830లో పేటెంటు తీసుకుని, సుమారు 80 మిషన్లతో సైనికుల దుస్తులు కుట్టించడం మొదలుపెడితే, తమ పొట్ట కొడుతున్నాడని భయపడి 1831లో పారిస్ దర్జీలు ఆ మిషన్లను పగలగొట్టారు. కానీ చివరకు ఆ మిషనే ప్రతి దర్జీకీ ఆధారమైంది. యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీగారు కూడా 1924లో యంత్రాల గురించి మాట్లాడుతూ సింగర్ కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. మనిషి శ్రమ తగ్గిస్తుంది, మనిషిని పక్కకు నెట్టదు అన్నది ఆయన భావం. మా కొట్టులోని మిషన్లను చూస్తే ఆ మాట నిజమనిపిస్తుంది. తొక్కేది, ఆపేది, విప్పేది మనిషే.

ఇక మా సూచన. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేని రోజులుగా ఉండాలనీ, ఆ రోజుల్లో స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలనీ చెప్పింది. వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల పేర్లు అందులో ఉన్నాయి. ఆ పది రోజుల్లో ఒక రోజు మనకు దగ్గరలో ఉన్న బట్టల కొట్టుకు ఇవ్వాలి. చిన్న కొట్టులో తరగతి మొత్తం పట్టదు కాబట్టి, వాళ్లనే బడికి పిలవవచ్చు. ఆ రోజు పని పోతుంది కనుక దానికి తగిన గౌరవ వేతనం కూడా ఇవ్వాలి. ఊరికే పిలిచి శాలువా కప్పితే, మేము జార్జెట్ గుడ్డ విషయంలో చేసిన తప్పే బడి కూడా చేసినట్టవుతుంది.

ఆ ఒక్క రోజులో నాలుగు పనులు నేర్పితే చాలు. బొత్తాం కుట్టడం, విడిపోయిన కుట్టు కలపడం, మడత విప్పి పొడవు పెంచడం, పన్నా చూసి గుడ్డ లెక్క కట్టడం. మగపిల్లలు, ఆడపిల్లలు అందరూ కూర్చోవాలి. వర్క్ ఎక్స్‌పీరియన్స్ పీరియడులో స్విచ్ బోర్డు బిగించడం నేర్చుకుంటున్నాం కదా, సూదీ దారం ఎందుకు వద్దు? కోటి విద్యలూ కూటి కొరకే అంటారు. ఇది కూడు పెట్టే విద్య మాత్రమే కాదు, పరాయి ఊళ్లో ఇబ్బంది లేకుండా గడిపే విద్య కూడా.

బడి ఒప్పుకునేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. మీరు ఇప్పుడు ఉన్న ఊళ్లో అలాంటి కొట్టు ఒకటి ఉండే ఉంటుంది. వెళ్లి చూడండి. మీటర్లు అడిగే ముందు ఎవరికి అని అడిగితే, అదే ఆ కొట్టు. అక్కడ సలహా అడిగితే గుడ్డ కూడా అక్కడే కొనండి. కొనలేకపోతే ముందే చెప్పండి, వాళ్లు ఏమీ అనుకోరు.

నాన్నగారికి వచ్చే ఏడాది మళ్లీ బదిలీ ఉండవచ్చు. ఈసారి సామాను కట్టేటప్పుడు మాతో ఒక పాత బిస్కెట్ల డబ్బా వస్తుంది. అందులో మూడు నంబర్ల సూదులు, యూనిఫాం రంగు దారాలు, టేపు, చిన్న కత్తెర ఉన్నాయి. డబ్బా మూత లోపల మా ఇద్దరి కొలతలు మాస్టర్‌జీ స్వయంగా రాసిచ్చారు. కింద ఒక గీత గీసి, పెరిగినప్పుడల్లా మీరే దిద్దుకోండి అన్నారు.